టీకాలపై నీలాపనింద

శిశువులకు వేయు టీకాలవలన ఆటిజము కలుగుచున్నదను వదంతి మన పట్టణములలో మరల తల యెత్తినది. ఇది ఇచట పుట్టినది కాదు. ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో పెరిగి, సెల్‌ఫోనుల ద్వారమున మన యిండ్లలోనికి వచ్చినది. వకీళ్లు, ఉపాధ్యాయులు, పెద్ద జీతములు పుచ్చుకొను ఉద్యోగస్థులు సైతము దీనిని పూర్తిగా నమ్మకయు, పూర్తిగా త్రోసివేయకయు, "ఎందుకైనను మంచిది, మాటలు వచ్చువఱకు ఆగి చూతము" అని తొమ్మిదినెలల బిడ్డకు వేయింపవలసిన తట్టు టీకాను వాయిదా వేయుచున్నారు. పల్లెవారు సూదికి వెఱతురని పట్టణవాసులు నవ్వెడి కాలమొకటి యుండెను. ఇప్పుడా వెఱపు చదువుకొన్న యిండ్లలో కాపురము పెట్టినది.

వెఱచువారిని పరిహసించుట మా యుద్దేశము కాదు. తన బిడ్డ శరీరములోనికి పోవు మందునుగూర్చి ప్రశ్నించు హక్కు ప్రతి తల్లికిని, ప్రతి తండ్రికిని గలదు. ప్రభుత్వము చెప్పినది గావున నోరు మూసికొని సూది వేయించుకొమ్మనుట ప్రజాస్వామిక ధర్మము కాదు. కాని ప్రశ్న వేసినవారు సమాధానము వచ్చినపుడు దానిని వినవలెను. ఈ ప్రశ్నకు పాతికేండ్లకు పైగా పలుదేశములలో విచారణ జరిగినది. ఆ విచారణ ఏమి తేల్చినదో పాఠకులముందు పెట్టుచున్నాము.

అభియోగము పుట్టిన దినము మనకు స్పష్టముగా తెలియును. 1998 ఫిబ్రవరి 28వ తేదీన లండనునుండి వెలువడు 'లాన్సెట్' అను వైద్యపత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డు అను వైద్యుడును, మఱి పండ్రెండుగురును కలసి యొక వ్యాసము ప్రకటించిరి. రాయల్ ఫ్రీ ఆసుపత్రికి వచ్చిన పండ్రెండుగురు బిడ్డలను పరీక్షించితిమనియు, వారికి ప్రేవులలో వాపును, బుద్ధివికాసములో వెనుకబాటును గలవనియు, వారిలో ఎనమండుగురి విషయమున తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా అను మూడు రోగములకు కలిపి వేయు టీకా పిమ్మటనే ఆ లక్షణములు మొదలైనవని తల్లిదండ్రులుగాని వైద్యుడుగాని చెప్పిరనియు అందు వ్రాసిరి. పండ్రెండుగురు! మన వీథిబడిలో ఒక తరగతికి చాలని సంఖ్య. పైగా టీకాకును రోగమునకును సంబంధము నిరూపింపలేదని ఆ వ్యాసములోనే యొప్పుకొనియున్నారు. కాని వ్యాసము వెలువడుటకు ముందు ఆసుపత్రిలో పత్రికావిలేఖరులను సమావేశపఱచి, మూడు కలిపిన టీకాను నిలిపి వేర్వేఱుగా వేయుట మంచిదని వేక్‌ఫీల్డు పలికెను. జనులు చదివినది వ్యాసమును కాదు, ఆ పలుకును.

పత్రికలు ఆ మాటను ఏండ్ల తరబడి మోసినవి. ఈ పాపములో మా వృత్తివారి భాగము తక్కువ కాదని చెప్పక తప్పదు. ఒకప్రక్క వేలమంది వైద్యులు, ఒకప్రక్క ఒక్క వైద్యుడు నిలువగా, ఇరుపక్షములకును సమానముగా స్థలమిచ్చుటయే నిష్పాక్షికత యని భ్రమించిరి. ఇంగ్లండులో నూటికి తొంబదికి పైగా నుండిన టీకాల పాలు 2003-04 నాటికి ఎనుబదికి దిగజారెను. లండను నగరములో కొన్ని భాగములలో ఇంకను దిగెను. 1998లో ఇంగ్లండు, వేల్సులలో పరీక్షలచే నిర్ధారణయైన తట్టు రోగులు 56 మంది; 2008లో ఆ సంఖ్య వేయి దాటెను. ఆ దేశమున పదునాలుగేండ్లుగా తట్టువలన మరణము లేదనుకొన్న తరువాత, 2006లో పదుమూడేండ్ల బాలుడు మరణించెను.

ఇక అభియోగము తెచ్చినవాని సంగతి. 2004లో 'సండే టైమ్స్' విలేఖరి బ్రయన్ డీర్ పట్టుదలతో కూపీ తీసి, కొన్ని విషయములు బయటపెట్టెను. టీకా తయారుచేయు కంపెనీలపై వ్యాజ్యము వేయదలచిన వకీలొకడు వ్యాసము వెలువడుటకు రెండేండ్ల ముందే వేక్‌ఫీల్డును ఫీజుపై నియమించియుండెను. పిమ్మట తేలిన లెక్కప్రకారము ఆయన పుచ్చుకొన్నది ఖర్చులుగాక 4,35,643 పౌనులు. అదియును పేదల వ్యాజ్యములకై ప్రజల సొమ్ముతో ఏర్పఱచిన నిధినుండి. బిడ్డలలో పలువురు ఆసుపత్రికి తమంత తాము వచ్చినవారు కారు. ఆ వ్యాజ్యమునకు, టీకా వ్యతిరేకోద్యమమునకు సంబంధించినవారి మూలమున వచ్చినవారు. అంతేకాక 1997 జూనులోనే, అనగా వ్యాసమునకు ఎనిమిది నెలల ముందు, తట్టుకు వేఱొక టీకా విషయమున పేటెంటుకై ఆయన దరఖాస్తు పెట్టుకొనియుండెను. మూడు కలిపిన టీకాపై జనులకు నమ్మకము చెడినచో విడి టీకాకు గిరాకి పెరుగునని వేఱుగా చెప్పనక్కఱలేదు. ఈ సంగతులలో ఏదియు వ్యాసములో లేదు.

ఈ వార్త రాగానే సహరచయితలలో పదిమంది, టీకాకును ఆటిజమునకును ముడిపెట్టిన భావమును తాము ఉపసంహరించుకొనుచున్నామని 2004 మార్చిలో ప్రకటించిరి. బ్రిటిషు వైద్యమండలి 217 దినములు విచారణ జరిపెను. బిడ్డలకు అవసరము లేని బాధాకరమైన పరీక్షలు తగిన అనుమతి లేక చేయించుట, తన కుమారుని పుట్టినరోజు పండుగకు వచ్చిన పిల్లలకు అయిదేసి పౌనులిచ్చి రక్తము తీయించుట మొదలగునవి రుజువైనవి. 2010 ఫిబ్రవరిలో 'లాన్సెట్' ఆ వ్యాసమును పూర్తిగా రద్దుచేసెను; మే నెలలో వైద్యుల పట్టికనుండి వేక్‌ఫీల్డు పేరు తొలగింపబడెను. మఱుసటి సంవత్సరము 'బ్రిటిషు మెడికల్ జర్నల్' ఆసుపత్రి దాఖలాలను వ్యాసముతో పోల్చి చూపెను. టీకాకు ముందు ఆరోగ్యముగా నుండిరని వ్రాసిన పండ్రెండుగురిలో అయిదుగురికి అంతకుముందే వికాసలోపములు గమనింపబడియుండెను. ఆటిజము గలదని వ్రాసినవారిలో మువ్వురికి అసలు ఆటిజమే లేదు. ఆ పత్రిక సంపాదకులు దీనిని పొరపాటని గాక మోసమని నిర్భయముగా వ్రాసిరి. వేక్‌ఫీల్డుతోపాటు శిక్షింపబడిన వృద్ధవైద్యుడొకరు 2012లో న్యాయస్థానమున గెలిచి తన పేరు నిలుపుకొనెను. దీనిని పట్టుకొని వేక్‌ఫీల్డే నిర్దోషి యని తేలినదని ప్రచారము చేయువారు కలరు. అది నిజము కాదు. ఆయన పేరు తొలగించిన ఉత్తరువు అట్లే నిలిచినది.

అయితే నిందించినవాడు మోసగాడైనంత మాత్రమున నింద అసత్యము కానక్కఱలేదని బుద్ధిమంతులు శంకింపవచ్చును. సరియైన శంకయే. దొంగ చెప్పినను నిజము నిజమే. కావున అతనిని ప్రక్కకు త్రోసి, ప్రశ్ననే పరీక్షింపవలెను. పరీక్షించు విధము కఠినమైనది కాదు. టీకా వేసికొన్న బిడ్డలు లక్షలమంది, వేసికొననివారు వేలమంది యున్న దేశమును తీసికొని, ఎవరిలో ఆటిజము ఎంతయో లెక్కింపవలెను. టీకాయే కారణమైనచో వేసికొన్నవారిలో హెచ్చుగా కనబడి తీరవలెను.

డెన్మార్కు ఇందులకు తగిన దేశము. అచట పుట్టిన ప్రతి బిడ్డకు ఒక సంఖ్య నిచ్చి, టీకాలు, రోగములు, ఆసుపత్రి దర్శనములు అన్నియు ప్రభుత్వ దాఖలాలలో చేర్తురు. 1991 మొదలు 1998 వఱకు పుట్టిన 5,37,303 మంది బిడ్డల లెక్కలు 2002లో ప్రకటింపబడినవి. టీకా వేసికొన్నవారిలో ఆటిజము హెచ్చుగా లేదు. అంతటితో తృప్తిపడక 1999 మొదలు 2010 వఱకు పుట్టిన 6,57,461 మందిని మరల పరిశీలించి 2019లో ఫలితము ప్రకటించిరి. వీరిలో ఆటిజము గలవారు 6,517 మంది. టీకా వేసికొననివారు 31 వేలకు పైబడి యుండిరి. ఫలితము మునుపటిదే. కొందఱు బిడ్డలకు పుట్టుకతోనే ఆటిజమువైపు మొగ్గు ఉండుననియు, అట్టివారిని మాత్రమే టీకా పట్టుకొనుననియు ఒక వాదము గలదు. దానినిగూడ ఆ పండితులు వదలలేదు. అన్నకో అక్కకో ఆటిజము గల బిడ్డలను వేఱుచేసి చూచిరి. వారిలోను టీకావలన తేడా లేదు.

జపాను కథ ఇంతకంటె విచిత్రము. ఆ దేశమున 1989లో మూడు కలిపిన టీకా ప్రవేశపెట్టి, అందలి గవదబిళ్లల భాగమువలన కొందఱకు మెదడుపొరల వాపు కలుగుచున్నదని తేలగా 1993లో నిలిపివేసిరి. యొకొహామా నగరములో ఒక భాగమున 1988లో పుట్టిన బిడ్డలలో నూటికి డెబ్బదిమందివఱకు ఆ టీకా వేసికొనగా, 1993 తరువాత పుట్టినవారిలో ఒక్కనికిని అది లేదు. ఆటిజము తగ్గినదా? తగ్గలేదు, టీకా పూర్తిగా పోయిన తరువాతగూడ పెరుగుచునే పోయెను. విత్తనము చల్లుట మానిన పొలములో పంట పెరుగుచున్నదన్నచో ఆ పంటకు విత్తనము వేఱొకచోట నున్నదని రైతుబిడ్డ యెవడైనను చెప్పగలడు.

మఱి ఇంతమంది తల్లిదండ్రులు తమ కన్నులతో చూచితిమని చెప్పుట అబద్ధమా? అబద్ధము కాదు. వారు చూచినది నిజమే. కూర్చిన కారణము తప్పు. ఆటిజమనగా బిడ్డ ఇతరులతో కలసిమెలసి యుండుటలోను, మాటలాడుటలోను తోడివారికంటె భిన్నముగా ఎదుగుట. పిలిచిన పలుకకుండుట, కన్నులలోనికి చూడకుండుట, వ్రేలితో చూపి అడుగకుండుట, ఒక్క పనినే పదేపదే చేయుట దీని గుర్తులు. ఇవి తల్లికి స్పష్టముగా తెలియవచ్చునది ఏడాది మొదలు రెండేండ్లలోపు. కొందఱు బిడ్డలు వచ్చిన నాలుగు మాటలు పోగొట్టుకొనుటయు ఆ కాలముననే. తట్టు టీకా వేయుటయు సరిగా ఆ కాలముననే. ప్రతి నెల లక్షలమంది బిడ్డలకు టీకా వేయుచుండగా, వారిలో కొందఱకు మఱుసటి వారముననే మాట ఆగుట కేవలము కాలము కలసివచ్చుటచే జరిగి తీరును. మన పెద్దలు దీనికి కాకతాళీయమని పేరు పెట్టిరి. కాకి వ్రాలినది, తాటిపండు పడినది. కాకి బరువుకు పండు పడలేదు. మొదటి పుట్టినరోజు వేడుకలలో తీసిన కదలుబొమ్మలను 1994లో అమెరికాలో ఇరువురు పండితురాండ్రు పరీక్షించిరి. పిమ్మట ఆటిజము గలదని తేలిన బిడ్డలలో అనేకులు ఆనాటికే పేరు పిలిచిన తిరిగి చూచుటలోను, వ్రేలితో చూపుటలోను వెనుకబడియుండిరి. ఇంటివారు గమనింపకమునుపే, కెమేరా గమనించినది. పైగా లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు బిడ్డలను వర్ణించి దీనికి ఆటిజమను పేరు పెట్టినది 1943లో. తట్టు టీకా అమెరికాలో వాడుకలోనికి వచ్చినది 1963లో. మూడు కలిపినది 1971లో.

సంఖ్యలు పెరుగుచున్నవిగదా యందురు. అమెరికా ప్రభుత్వపు లెక్కలలో 2000లో 150 మంది బిడ్డలకు ఒకరుగా నుండినది 2022 నాటికి 31 మందికి ఒకరైనది. ఈ పెరుగుదలలో అధికభాగము నిర్వచనము విస్తరించుటవలనను, వైద్యులు, ఉపాధ్యాయులు గుర్తించుట నేర్చుటవలనను కలిగినది. మా బాల్యములో ప్రతి యూరను "మూగవాడు", "పిచ్చివాడు", "తనలో తానుండువాడు" అని పిలువబడినవారు లేకపోలేదు. వారిని లెక్కించినవారే లేరు. తల్లిదండ్రులు పెద్దవయసున బిడ్డలను కనుట, నెలలు నిండని బిడ్డలు బ్రతికి బట్టకట్టుట మొదలగు కారణములును కొంత గలవు. అన్నిటికంటె పెద్దది వంశవాహిక. కవల పిల్లలపై 1977 మొదలు జరిగిన పరిశోధనలును, అయిదు దేశములలో ఇరువది లక్షల బిడ్డలను పరిశీలించి 2019లో ప్రకటించినదియు దీనినే చెప్పుచున్నవి.

తట్టు టీకాపై నింద నిలువకపోగా, వాదులు పాదరసమును పట్టుకొనిరి. పలు మోతాదులు గల సీసాలో క్రిములు చేరకుండుటకై కొన్ని టీకాలలో థయోమెర్సాల్ అను పాదరస సంబంధమైన పదార్థమును లేశమాత్రము కలుపుదురు. మూడు కలిపిన టీకాలో అది యేనాడును లేదు! జపానులో మినమాటా గ్రామస్థులను చంపిన పాదరస పదార్థము వేఱు, ఇది వేఱు. ఇది శరీరమునుండి త్వరగా వెడలిపోవును. అయినను జనుల శంక తీర్చుటకై అమెరికాలో 2001 నాటికి బిడ్డలకు వాడుకగా వేయు టీకాలనుండి దానిని తొలగించిరి. డెన్మార్కు 1992లోనే తొలగించెను. రెండు దేశములలోను ఆటిజపు లెక్క పెరుగుచునే పోయెను. ఈలోగా బిడ్డల శరీరమునుండి పాదరసము తీసివేయుదుమని వైద్యము చేయువారు బయలుదేరిరి. 2005లో పెన్సిల్వేనియా రాష్ట్రములో అయిదేండ్ల బాలుడొకడు ఆ వైద్యమువలననే మరణించెను. పాదరసము తరువాత అల్యూమినియము వంతు వచ్చినది. దానిపైనను డెన్మార్కువారు పండ్రెండు లక్షల బిడ్డల దాఖలాలు చూచి, ఆటిజముతో సంబంధము కానరాలేదని 2025లో ప్రకటించిరి. ఒక ముద్దాయి విడుదల కాగానే మఱియొకని బోనులో నిలుపుట న్యాయవిచారణ యనిపించుకొనదు.

ఇందులో మఱియొక చిత్రము గలదు. టీకా నివారించు రోగములలో ఒకటైన రుబెల్లాయే ఆటిజమునకు నిజమైన కారణములలో ఒకటి. గర్భిణికి తొలినెలలలో రుబెల్లా సోకినచో పుట్టు బిడ్డకు కండ్లలో శుక్లములు, చెవుడు, గుండెజబ్బు కలుగునని ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లో కనుగొనెను. 1964-65లో అమెరికాలో ఆ జాడ్యము చెలరేగి ఇరువదివేల బిడ్డలు వైకల్యముతో పుట్టిరి. న్యూయార్కులో స్టెల్లా చెస్ అను వైద్యురాలు అట్టి 243 మంది బిడ్డలను పరీక్షింపగా, 18 మందిలో ఆటిజము పూర్తిగానో కొంతగానో కనబడెను. ఆనాటి సామాన్య జనులలోని పాలుకంటె ఇది ఎన్నో రెట్లు హెచ్చు. ఆటిజమునకు వెఱచి రుబెల్లా టీకాను మానుట వానకు వెఱచి యేటిలో దూకుటవంటిది.

"ప్రభుత్వములు, కంపెనీలు కలసి నిజమును దాచుచున్నవి" అనువారికి ఒక సమాధానము చెప్పవలసియున్నది. టీకాలవలన అపకారము ఎన్నడును కలుగదని మేము చెప్పము. చెప్పినచో అది అసత్యము. 1998లో అమెరికాలో అనుమతి పొందిన రోటావైరసు టీకా యొకటి, సుమారు పదివేల బిడ్డలలో ఒకరికి ప్రేగు మడతపడునట్లు చేయుచున్నదని తేలి ఏడాదికే 1999లో ఉపసంహరింపబడెను. 2009-10లో ఐరోపాలో వేసిన ఒక ఇన్‌ఫ్లుయెంజా టీకా కొందఱు బాలురకు నిద్రరోగము తెచ్చినదని ఫిన్లండు, స్వీడను దేశముల ప్రభుత్వ వైద్యులే కనిపెట్టిరి. జపాను సంగతి పైన వ్రాసితిమి. పదివేలలో ఒకనికి కలుగు కీడును పట్టుకొనగలిగిన జల్లెడ, 31 మందిలో ఒకరికి కలుగు స్థితిని పట్టుకొనలేకపోవునా?

అయినను అనుమానమునకు మన పాలకులును కొంత కారకులు. 2009లో నాటి ఆంధ్రప్రదేశమున ఖమ్మము జిల్లాలో ఒక అమెరికా సంస్థ తోడ్పాటుతో గర్భాశయముఖ క్యాన్సరు టీకాను సుమారు పదునాలుగువేల బాలికలకు వేసిరి. వారిలో అనేకులు గిరిజన వసతిగృహములలో చదువుకొను పేదపిల్లలు. తల్లిదండ్రుల అనుమతి తీసికొనవలసిన పత్రములపై పలుచోట్ల వసతిగృహాధికారులు సంతకములు చేసిరి. కొందఱు బాలికలు మరణింపగా 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. మరణములకు టీకా కారణము కాదని విచారణసంఘము అభిప్రాయపడెను. కాని అనుమతి తీసికొన్న విధానము అక్రమమని పార్లమెంటు స్థాయీసంఘము 2013లో తీవ్రముగా గర్హించెను. టీకా నిర్దోషి యైనను, ఇచ్చినవారు నిర్దోషులు కారు. గిరిజనుల బిడ్డ విషయమున అడుగనక్కఱలేదనుకొన్న అధికారి, 2017లో తట్టు-రుబెల్లా టీకా ప్రచారము వచ్చినపుడు "మమ్మేల నమ్మరు?" అని ఆశ్చర్యపడుట తగదు.

ఇటీవల అమెరికా ప్రభుత్వమే మాట మార్చినదని కొందఱు మిత్రులు మాకు చూపిరి. నిజమే. 2025 నవంబరులో ఆ దేశపు వ్యాధినివారణ సంస్థ, టీకాలు ఆటిజము కలిగింపవను మాటకు చాలినంత ఆధారము లేదని తన ప్రకటనను తిరుగవ్రాసెను. ఏ క్రొత్త సాక్ష్యము దొరకి అట్లు వ్రాసిరి? ఏదియు లేదు. సంబంధము లేదని సంపూర్ణముగా నిరూపింపలేదుగదా యనుటయే వారి వాదసారము. ఈ తర్కమును అంగీకరించినచో ఉప్పు తినుటవలన ఆటిజము రాదనిగూడ ఎవరును నిరూపింపజాలరు. లేనిదానిని లేదని నూటికి నూఱుపాళ్లు నిరూపించుమనుట న్యాయశాస్త్రజ్ఞులెవరును ఒప్పని కోరిక. లక్షల బిడ్డలలో వెదకి కానరాలేదని చెప్పుటయే మానవునకు సాధ్యమైన నిరూపణము. ఆ డిసెంబరులోనే ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు సాక్ష్యమంతయు మరల చూచి, సంబంధము లేదనియే ప్రకటించిరి. అమెరికానుండి వచ్చునది మాత్రమే శాస్త్రమని తలచుట మన విద్యావంతులు ఇకనైన మానవలెను. ఆ దేశపు వైద్యసంఘములే ఆ మార్పును ఖండించినవి.

వదంతి వెల ఎంతయో చూతము. అమెరికాలో మినసోటా రాష్ట్రమున స్థిరపడిన సొమాలీలకు తమ బిడ్డలలో ఆటిజము హెచ్చుగా నున్నదను భయము కలిగెను. వేక్‌ఫీల్డు అచటికిపోయి వారితో సమావేశములు జరిపెను. 2004లో నూటికి 92 మంది బిడ్డలకు వేసిన టీకా 2014 నాటికి 42 మందికి దిగెను. 2017లో తట్టు చెలరేగి 75 మందిని పట్టెను; వారిలో పెక్కండ్రు సొమాలీ బిడ్డలు. ఆటిజము మాత్రము వారిలో తగ్గలేదు. 2025లో టెక్సాసు రాష్ట్రమున 762 మందికి తట్టు సోకి, టీకా లేని ఇద్దఱు బిడ్డలు మరణించిరి.

వైద్యము సమృద్ధిగా గల దేశములలోనే ఇట్లున్నచో మన సంగతి చెప్పనేల? తట్టును మన యిండ్లలో అమ్మవారి చలువగా భావించి, గుమ్మమునకు వేపమండలు కట్టి, తగ్గిపోవునను ధైర్యముతో ఊరకుండుట అలవాటు. పుష్టిగల బిడ్డకు తగ్గును. తిండి చాలని బిడ్డకు ఊపిరితిత్తులలో చేరును, కన్నులు పోగొట్టును, మెదడునకు ఎక్కును. తట్టు తగ్గిన ఏడెనిమిదేండ్లకు మెదడు క్రమముగా చెడి మరణించు బిడ్డలును గలరు; దానికి మందు లేదు. రోగి దగ్గిపోయిన గదిలో రెండు గంటల తరువాత అడుగుపెట్టినవానికిగూడ ఇది సోకగలదు. ఒక్కడు పండ్రెండు మొదలు పదునెనిమిదిమందికి అంటించును. అందుచే నూటికి తొంబదియైదుగురికి టీకా ఉన్నగాని తక్కినవారికి రక్షణ లేదు. పట్టణములోని విద్యావంతుడు తన బిడ్డకు వాయిదా వేసినపుడు, ఆ యింట పాచిపని చేయు దాసమ్మ చంకనున్న ఆఱునెలల పసికందుకుగూడ వాయిదా వేసినట్లే. ప్రపంచములో 2023లో తట్టువలన లక్షకు పైబడి మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా.

ఈ వివాదమువలన మిక్కిలి నష్టపోయినవారు ఆటిజము గల బిడ్డలును, వారి తల్లులును. ఒకప్పుడు పాశ్చాత్య వైద్యులు, బిడ్డపై ప్రేమ చూపని తల్లియే దీనికి కారణమని శాస్త్రము పేర వ్రాసిరి. ఇచట గ్రహణమునాడు బయటకు వచ్చినదనియు, సెల్‌ఫోను చేతికిచ్చినదనియు అత్తవారు కోడలిని దెప్పుదురు. ఇప్పుడు "ఆ సూది నీవేగదా వేయించితివి" అను మాటయు దానికి తోడైనది. సూది వేయించినందులకు ఏ తల్లియు తనను తాను నిందించుకొనవలసిన పని లేదు. కంపెనీలపై వ్యాజ్యములకు, పనికిరాని వైద్యములకు పోయిన కాలమును, ధనమును ఈ బిడ్డలకు మాట నేర్పుటకు వినియోగించియున్నచో ఎంత మేలు జరిగియుండెడిది! 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమును, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును ఆటిజమును పేర్కొనుచున్నవి. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లాకొక ప్రత్యేక కేంద్రముండవలెనని నిర్ణయము. కేంద్రము బోర్డు కట్టినంత మాత్రమున చాలదు; మాట నేర్పు శిక్షకులుండవలెను, జిల్లా కేంద్రమునకు రాలేని కూలి తల్లికి తాలూకా ఆసుపత్రిలో వారమున కొకదినమైనను వారు దొరకవలెను. పదునెనిమిది నెలలకు పేరు పిలిచిన తిరుగని, వ్రేలితో చూపని బిడ్డను టీకా వేయు దినముననే నర్సు గుర్తించి పంపవచ్చును. ఇందులకు క్రొత్త వ్యయము స్వల్పము.

ఇక వాయిదా వేసినవారికొక మాట. తట్టు-రుబెల్లా టీకా మొదటిది తొమ్మిది నెలలు నిండినది మొదలు ఏడాదిలోపు, రెండవది పదునాఱు నెలలు మొదలు రెండేండ్లలోపు వేయవలెను. తప్పినవారు అయిదేండ్లు నిండులోపు ప్రభుత్వాసుపత్రులలోను, అంగన్‌వాడీలలో జరుగు టీకాల దినముననైనను ఖర్చు లేక వేయించుకొనవచ్చును. వేసిన వారము పదిదినములకు కొందఱు బిడ్డలకు జ్వరమును, ఒంటిపై కొద్దిపాటి దద్దురును వచ్చును. రెండుమూడు దినములలో తగ్గును. ఏ మూడు నాలుగు వేలమందిలోనో ఒకరికి ఆ జ్వరముతో ఫిట్సు రావచ్చును. అది చూచుటకు భయంకరమైనను సాధారణముగా శాశ్వతమైన హాని చేయదు. ఈ నాలుగు ముక్కలును సూది గ్రుచ్చుటకు ముందే నర్సు తల్లితో తెలుగులో చెప్పవలెనని వైద్యశాఖ ఉత్తరువు వేయునా?